కూల్చి కట్టడమా, బాగుచేసి నిలుపుకోవడమా? – కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల ముందున్న ప్రశ్న

2024 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల హోరులో మన పత్రికలు పెద్దగా పట్టించుకోని వార్త ఒకటి ఉంది. అదే ఎన్నికలలో కాలిఫోర్నియా వోటర్లు ‘ప్రొపొజిషన్ 2’ అనే ప్రతిపాదనను ఆమోదించి, విద్యాసంస్థల భవనాల నిమిత్తం 1,000 కోట్ల డాలర్ల ఋణం సేకరించడానికి తమ రాష్ట్ర ప్రభుత్వానికి అనుమతి ఇచ్చారు. అందులో పాఠశాలల వాటా 850 కోట్ల డాలర్లు. కమ్యూనిటీ కళాశాలల వాటా 150 కోట్ల డాలర్లు. కళాశాల గోడకు పగులు వస్తే దానిని బాగుచేయాలా, పడగొట్టాలా అన్న విషయం బ్యాలెట్టు పత్రం దాకా రావడం మనకు వింతగా తోచవచ్చు. కాని అక్కడ అది ఆనవాయితీ. ఆ ఆనవాయితీలోని మంచిచెడులు రెండూ మన ప్రాంతపు విద్యాభిమానులు తెలుసుకోదగినవే.

కమ్యూనిటీ కళాశాల అంటే ఉన్నత పాఠశాల చదువు ముగిసిన తరువాత రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ విద్యాలయం. వృత్తివిద్యలు నేర్చి ఉద్యోగానికి పోయేవారు కొందరు, అక్కడి నుండి విశ్వవిద్యాలయపు మూడవ సంవత్సరంలో చేరేవారు మరికొందరు. పగలు పని చేసి సాయంకాలం తరగతికి వచ్చే నడివయస్కులూ కద్దు. కాలిఫోర్నియాలో ఇటువంటివి 116 కళాశాలలు, 73 డిస్ట్రిక్టుల కింద నడుస్తున్నాయి. డిస్ట్రిక్టు అనగా మన జిల్లా వంటిది కాదు. కళాశాలలను నడపడానికే ప్రజలు ఎన్నుకొన్న ధర్మకర్తల మండలి గల ప్రత్యేక పాలనా విభాగం. విద్యార్థుల సంఖ్య ఇరవై లక్షల ప్రాంతంలో ఉంటుంది. ఆ రాష్ట్ర నివాసులకు యూనిటుకు 46 డాలర్ల రుసుము 2012 నుండి మారలేదు. సిలికాన్ లోయలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు అనేకులు విశ్వవిద్యాలయపు ఖర్చు తగ్గించుకోవడానికి మొదటి రెండేళ్ళు ఇక్కడే చదువుతారు.

ఈ కళాశాలల ప్రాంగణాలలో హెచ్చుభాగం 1960, 1970 దశకాలలో వెలసినవి. 1960లో ఆ రాష్ట్రం ఉన్నత విద్యకు ఒక బృహత్ ప్రణాళిక వేసుకొని, వచ్చినవారినందరినీ చేర్చుకొనే బాధ్యతను ఈ కళాశాలలకు అప్పగించింది. యుద్ధానంతరం పుట్టిన తరం కళాశాల వయస్సుకు వచ్చిన కాలమది. ఊరూరా ఒకే ఊపున కట్టడాలు లేచాయి. ఒకే ఊపున లేచినవి ఒకే కాలంలో ముసలివవుతాయి గదా! ఏభై, అరవై ఏళ్ళు నిండిన పైకప్పులు, నీటి గొట్టాలు, విద్యుత్ తీగెలు అన్నీ కలిసి ఒక్కసారిగా మొరపెట్టుకొంటున్నాయి. ఆనాటి కట్టడాలలో ఆస్బెస్టాస్ విరివిగా వాడారు. గోడలో రంధ్రం చేయాలన్నా ముందు ఆ దుమ్ము బయటికి పోకుండా కట్టుదిట్టం చేసుకోవాలి. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అంతకు పూర్వం కట్టిన మెట్ల దారులు, ఇరుకు తలుపులు, ఎత్తు గడపలు ఈనాటి నిబంధనలకు సరిపడవు. ఒక గదిని పెద్ద ఎత్తున మార్చాలంటే ఆ గదికి చేరే దారిని సైతం మార్చవలసి వస్తుంది. ఇల్లు కట్టి చూడమన్నారు గాని, పాత ఇంటిని బాగుచేసి చూడమని ఎవరూ ఎందుకనలేదో ఈ కళాశాలల ఇంజనీర్లను అడిగితే చెబుతారు.

మరి ఏ భవనాన్ని నిలుపుకోవాలి, దేనిని కూల్చాలి? ఇందుకు వారు వాడే కొలబద్ద ఒకటున్నది. భవనానికి ఇప్పుడు చేయవలసిన మరమ్మతుల ఖర్చును, అదే భవనాన్ని కొత్తగా కట్టడానికయ్యే ఖర్చుతో భాగిస్తారు. దానిని భవన స్థితి సూచిక అంటారు. కొత్తగా కట్టడానికి 100 రూపాయలు పట్టే భవనానికి 4 రూపాయల మరమ్మతు మిగిలి ఉంటే సూచిక 4 శాతం. సాధారణంగా 5 శాతం లోపు ఉంటే మంచి స్థితి, 10 శాతం దాటితే బాగులేదని లెక్క. ఇది పెరుగుతూ పోయి సగానికి మించినప్పుడు కూల్చి కట్టడం గురించి ఆలోచించడం పరిపాటి. రాష్ట్రంలోని కళాశాలలన్నీ తమ భవనాల వివరాలను, గదుల వైశాల్యాన్ని, వాటి వినియోగాన్ని ‘ఫ్యూజన్’ అనే ఒకే కంప్యూటర్ భాండాగారంలో నమోదు చేయాలి. ప్రతి డిస్ట్రిక్టు ఐదేళ్ళ నిర్మాణ ప్రణాళికను ఏటేటా సవరించి రాష్ట్ర కార్యాలయానికి పంపాలి. ఆ తరువాత ఒక్కొక్క భవనానికి ప్రాథమిక ప్రతిపాదన, దానికి అనుమతి లభిస్తే తుది ప్రతిపాదన. ప్రాణాపాయం గలవాటికి వరుసలో ముందు స్థానం.

కాగితం మీద ఇది చక్కని పద్ధతి. ఏ మూల ఏ గది ఎంత ఉందో, వారంలో ఎన్ని గంటలు వాడుతున్నారో ప్రభుత్వం దగ్గర లెక్క ఉన్నది. మన సరిహద్దు జిల్లాలలో ఒక ప్రభుత్వ కళాశాలకు ఎన్ని గదులున్నాయని అడిగితే ప్రిన్సిపాల్ ఒక సంఖ్య, విద్యాశాఖ ఒక సంఖ్య చెప్పే పరిస్థితితో పోల్చి చూస్తే అసూయ కలుగుతుంది. అయితే లెక్క ఉన్నంత మాత్రాన వివేకం ఉన్నట్టు కాదు. ఒక కళాశాలకు గదులు అవసరానికి మించి ఉన్నాయని సూత్రం తేలిస్తే కొత్త వైశాల్యానికి రాష్ట్ర నిధి రాదు. ఉన్న దానిని మార్చుకోవడానికో, ఒకటి తీసి మరొకటి కట్టుకోవడానికో మాత్రమే వస్తుంది. 2020 తరువాత కోవిడ్ కారణంగా విద్యార్థులు లక్షల సంఖ్యలో తగ్గిపోయారు. తిరిగి వచ్చినవారిలో పలువురు ఇంటి నుండే కంప్యూటర్ ద్వారా పాఠాలు వింటున్నారు. ఉపన్యాసశాలలు ఖాళీగా ఉన్నాయి. నర్సింగు ప్రయోగశాలకు మాత్రం చోటు చాలదు. అందువల్ల ఇప్పుడు ప్రణాళిక అంటే కట్టడమొకటే కాదు, కట్టకుండానే తీసివేయడం కూడా. ఆ మాట బాహాటంగా చెప్పడానికి ఏ అధ్యక్షుడికీ నోరు రాదు. భవనం పేరు మీద శిలాఫలకం ఉంటుంది గాని, ఖాళీ స్థలం పేరు మీద ఉండదు.

అసలు చిక్కు డబ్బు వచ్చే దారిలో ఉన్నది. 1978లో ‘ప్రొపొజిషన్ 13’ ద్వారా కాలిఫోర్నియా ప్రజలు ఆస్తిపన్నును విలువలో 1 శాతానికి కట్టివేశారు. తరువాత విద్యాలయాల ఋణాలకు మూడింట రెండు వంతుల వోట్లు అవసరమయ్యేవి. అనేక ప్రతిపాదనలు కొద్దిలో ఓడిపోయేవి. 2000 నవంబరులో ‘ప్రొపొజిషన్ 39’ వచ్చి ఆ హద్దును 55 శాతానికి దించింది. దానికి బదులుగా షరతులు పెట్టారు. ఏ పనులు చేస్తారో ముందుగా జాబితా ప్రకటించాలి. ఏటా స్వతంత్ర ఆడిట్ జరగాలి. విద్యార్థి, వ్యాపార సంఘం, వృద్ధుల సంఘం, పన్ను చెల్లింపుదారుల సంఘం మొదలైన వర్గాలవారితో పౌర పర్యవేక్షణ సంఘం ఉండాలి. అందులో డిస్ట్రిక్టు ఉద్యోగులకు గాని, కాంట్రాక్టర్లకు గాని స్థానం లేదు. కమ్యూనిటీ కళాశాలల డిస్ట్రిక్టు ఒక్క ఎన్నికలో ఆమోదం పొందిన ఋణానికి లక్ష డాలర్ల ఆస్తి విలువపై ఏడాదికి 25 డాలర్లకు మించి పన్ను వేయరాదు. ఇవి మెచ్చదగిన కట్టుబాట్లు. చివరి షరతు మరొకటి: ఈ ధనం భవనాల నిర్మాణానికి, పునర్నిర్మాణానికి, పునరుద్ధరణకు, సామగ్రికి మాత్రమే, అధ్యాపకుల, పాలనాధికారుల జీతాలకు ఒక్క డాలరు కూడా వాడరాదు. నిత్యనిర్వహణ ఖర్చులకు కూడా వాడరాదు.

ఈ షరతు పెట్టినవారి ఉద్దేశం సదుద్దేశమే. ఫలితం మాత్రం విపరీతంగా పరిణమించింది. పైకప్పు కారుతున్నదనుకొందాం. ఏటా తారు పూసి, పగుళ్ళు పూడ్చి కాపాడుకోవాలంటే ఆ ఖర్చు వార్షిక బడ్జెట్టులో నుండి రావాలి. ఆ బడ్జెట్టులోనే అధ్యాపకుల జీతాలు, గ్రంథాలయ పుస్తకాలు, విద్యుత్తు ఖర్చు అన్నీ ఉన్నాయి. అక్కడ తారుకు స్థానం చివర. పదిహేనేళ్ళు పూయకుండా వదిలివేస్తే నీరు దూలంలోకి దిగుతుంది, సూచిక 10 దాటుతుంది, 30 దాటుతుంది. అప్పుడది ‘పునర్నిర్మాణం’ అవుతుంది. ఋణధనానికి అర్హత వస్తుంది. అంటే శ్రద్ధగా చూసుకొన్నవాడికి ఖర్చు తన జేబు నుండి, చూసుకోనివాడికి ఖర్చు ప్రజల ఋణం నుండి! నిర్లక్ష్యానికి బహుమానం ఇచ్చే ఏర్పాటును ఎవరూ కావాలని చేయరు. రెండు సంచులను వేరువేరుగా కుట్టినప్పుడు అదే తయారవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఈ లోపాన్ని గ్రహించకపోలేదు. ఆదాయం పొంగిన 2021, 2022 సంవత్సరాలలో వాయిదా పడిన మరమ్మతుల కోసం కళాశాలలకు భారీగా ప్రత్యేక నిధులు కేటాయించింది. ఆదాయం తగ్గగానే 2023లో అందులో పెద్ద భాగం వెనక్కు తీసుకొన్నది. పొంగినప్పుడు పెట్టి, తగ్గినప్పుడు లాక్కొనే చేతితో పైకప్పులు నిలవవు.

క్యూపర్టినో పట్టణంలోని డి ఆంజా కళాశాల ఉదంతం చూస్తే ఈ సంగతి మరింత విశదమవుతుంది. ఆపిల్ సంస్థ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు అది. భారతీయుల జనసంఖ్య హెచ్చుగా గల ఊళ్ళలో ఒకటి; తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. ఈ కళాశాల 1967లో ప్రారంభమైంది. ఫుట్‌హిల్ కళాశాల, ఇదీ కలిసి ఒకే డిస్ట్రిక్టు. ఆ డిస్ట్రిక్టు వోటర్లు 1999లో 24.8 కోట్ల డాలర్లు, 2006లో 49.08 కోట్ల డాలర్లు, 2020 మార్చిలో ‘మెజర్ జి’ ద్వారా 89.8 కోట్ల డాలర్లు ఋణానికి సమ్మతించారు. ఆ 2020 మార్చి బ్యాలెట్టులోనే పక్కపక్కన ‘మెజర్ హెచ్’ అనే మరొక ప్రతిపాదన ఉన్నది. అది భవనాలకు కాదు. ప్రతి స్థలంపై ఏడాదికి 48 డాలర్ల చొప్పున ఐదేళ్ళు పన్ను వేసి, బోధన, విద్యార్థి సేవలు మొదలగు నిత్యావసరాలకు వాడడానికి. దానికి మూడింట రెండు వంతుల వోట్లు కావాలి. అది ఓడిపోయింది. ఒకే రోజున, అదే వోటరు చేత, గోడలకు దాదాపు 90 కోట్ల డాలర్లు గెలిచాయి. ఆ గోడల మధ్య చెప్పే చదువుకు 48 డాలర్లు గెలవలేదు. వోటరును తప్పుపట్టి లాభం లేదు. ఒకదానికి 55 శాతం, మరొకదానికి 66 శాతానికి పైన అని చట్టం గీసిన గీత అది.

ఈ ప్రాంగణంలోని ఫ్లింట్ సెంటర్ కథ ఆసక్తికరమైనది. దాదాపు 2,400 ఆసనాలు గల ఈ రంగశాల 1971లో తెరుచుకొన్నది. 1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మెకింటోష్ కంప్యూటర్‌ను లోకానికి చూపించింది ఈ వేదిక మీదనే. 2014లో ఆపిల్ గడియారాన్ని మొదట ప్రదర్శించిందీ ఇక్కడే. సింఫనీ కచేరీలు మొదలుకొని భారతీయ సంగీత నృత్య ప్రదర్శనల దాకా జరిగిన చోటు. అంతటి పేరున్న భవనాన్ని 2019లో మూసివేశారు. కారణం దాచనిదే: కళాశాల సొంత అవసరాలకు అంత పెద్ద రంగశాల అక్కరలేదు, పైనుండి అద్దెకు వచ్చేవారి మీద ఆధారపడి నడుస్తున్నది, మరమ్మతులకు, నిర్వహణకు అయ్యే భారం మోయలేనిది. దానిని తొలగించి ఆ చోటును విద్యార్థులకు పనికివచ్చే కట్టడానికి వినియోగించాలన్న దిశగా ధర్మకర్తలు నడిచారు. రంగశాలను కాపాడాలని కళాభిమానులు కోరారు. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. ఊరికి అది సాంస్కృతిక సంపద. కళాశాలకు అది ఏటేటా పెరిగే ఖర్చు. ఊరి సంపదను పోషించే భారం రుసుము కట్టే విద్యార్థి మీద పడడం తగదన్న వాదనే బలమైనదని చెప్పాలి. అయితే ఆ ఊరిలో అంతటి ఐశ్వర్యం ఉండి, దానిని నిలబెట్టడానికి మరొక దారి దొరకకపోవడం విచారించదగ్గ విషయమే.

అదే ప్రాంగణంలో ‘లె ప్టీ ట్రియనాన్’ అనే పాత భవంతి ఉన్నది. 1890 దశకంలో ఒక సంపన్న కుటుంబం కట్టించుకొన్న విలాసగృహం. కళాశాల నిర్మాణానికి అడ్డు వచ్చినప్పుడు దానిని పడగొట్టకుండా ప్రాంగణంలోనే వేరొక చోటికి జరిపారు. 1972లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు చరిత్ర అధ్యయన కేంద్రంగా ఉపయోగపడుతున్నది. చిన్నది కావడం, వాడుక దొరకడం దానిని బ్రతికించాయి. పాత భవనం నిలవాలంటే దాని మీద ప్రేమ ఒక్కటి చాలదు, దానిలో రోజూ తలుపు తీసే పని ఒకటి ఉండాలి.

ఇక ‘మెజర్ జి’ సొమ్ములో కొంత విద్యార్థుల నివాసానికి కూడా మళ్ళింది. ఇంటి అద్దెలు ఆకాశాన్నంటే ఆ ప్రాంతంలో తల దాచుకొనే చోటు లేక చదువు మానేవారు ఎక్కువవుతున్నారని గ్రహించి, డిస్ట్రిక్టు 2024లో కళాశాలకు దగ్గరలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు సముదాయాన్ని కొన్నది. కొత్తగా కట్టే బదులు ఉన్నదానిని కొనడం కూడా భవన ప్రణాళికలో ఒక మార్గమే. మంచి ఆలోచన. కాని కొన్న ఇళ్ళలో అప్పటికే కాపురమున్నవారు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న వెంటనే పుట్టుకు వస్తుంది.

ఈ ప్రశ్ననే ప్రాంగణం లోపలికి తెచ్చుకొంటే ప్రణాళికలో అతి కష్టమైన ఘట్టం కనిపిస్తుంది. రసాయనశాస్త్ర భవనాన్ని పడగొట్టి కట్టడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంతకాలం ప్రయోగాలు ఎక్కడ చేయించాలి? తరగతి గది అయితే ఏ చెట్టు కిందనో, ఏ గుడారంలోనో సర్దుకోవచ్చు. ప్రయోగశాలకు గ్యాసు గొట్టం కావాలి, విషవాయువును బయటికి లాగే గూడు కావాలి, ఆమ్లాలు పోవడానికి వేరే కాలువ కావాలి. అందుచేత అనుభవజ్ఞులు ముందు ఖాళీ స్థలంలో ఒక కొత్త భవనం లేపి, పాతవారిని అందులోకి దింపి, ఖాళీ అయినదానిని బాగుచేసి మరొకరిని దింపి, ఇలా చదరంగంలో పావుల వలె జరుపుతారు. మొదటి పావు తప్పు పడితే ఆట అంతా ఆగిపోతుంది. స్థలం లేనిచోట చక్రాల మీద తెచ్చి దింపే తాత్కాలిక గదులు వేస్తారు. రెండేళ్ళకని వేసిన ఆ గదులు ఇరవై ఏళ్ళు గడిచినా కదలకుండా ఉన్న ప్రాంగణాలు ఆ రాష్ట్రంలో లేకపోలేదు. తాత్కాలికమన్న మాటకు అర్థం ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు!

సంపన్న డిస్ట్రిక్టుకూ పేద డిస్ట్రిక్టుకూ ఉన్న అంతరం మరొక పెద్ద లోపం. స్థానిక ఋణం ఆస్తి విలువను బట్టి పుడుతుంది. ఆపిల్ వంటి సంస్థలున్న చోట లక్షకు పది పదిహేను డాలర్లు వేసినా కోట్లు రాలుతాయి. అరిజోనా సరిహద్దున ఎడారిలో ఉన్న బ్లైత్ పట్టణపు పాలో వెర్డే కళాశాల వంటి చోట గరిష్ఠంగా 25 డాలర్లు వేసినా రాలేది స్వల్పం. ప్రొపొజిషన్ 2 ద్వారా వచ్చిన 150 కోట్ల డాలర్లను 73 డిస్ట్రిక్టులకు సమంగా పంచితే ఒక్కొక్కదానికి సుమారు 2 కోట్ల డాలర్లు. ఒక్క ఫుట్‌హిల్ – డి ఆంజా డిస్ట్రిక్టు సొంతంగా తెచ్చుకొన్నది 89.8 కోట్లు. పైగా రాష్ట్ర నిధి కోరే డిస్ట్రిక్టు తన వంతు వాటా చూపగలిగితే వరుసలో ముందుకు పోతుంది. ఉన్నవాడికి మరింత ఉండేలా ఏర్పడిన ఈ మెట్లను సరిచేయనిదే సరిహద్దు కళాశాలల పైకప్పులు కారుతూనే ఉంటాయి.

ఒక విషయంలో మాత్రం ఆ రాష్ట్రానికి నమస్కరించాలి. 1933 మార్చి 10న లాంగ్ బీచ్ ప్రాంతంలో భూకంపం వచ్చింది. నూటికి పైగా మరణించారు. పాఠశాల భవనాలు పదుల సంఖ్యలో నేలమట్టమయ్యాయి, మరెన్నో బీటలు వారాయి. సాయంకాలం ఆరు గంటలకు కొద్దిగా ముందు రావడం వల్ల పిల్లలు గదులలో లేరు. కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకొని జనం వణికిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల కట్టడాల నమూనాలను రాష్ట్ర స్థాయి శిల్పి కార్యాలయం పరిశీలించాలి, నిర్మాణం జరుగుతున్నంతకాలం తనిఖీదారుడు ఉండాలి. కమ్యూనిటీ కళాశాలలు కూడా ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. దీనివల్ల ఖర్చు పెరుగుతుందని, ఆలస్యమవుతుందని సణుగుడు ఎప్పుడూ ఉన్నది. చట్టం మాత్రం తొమ్మిది దశాబ్దాలుగా నిలిచి ఉన్నది.

మన వైపు చూస్తే, 2004 జూలై 16న కుంభకోణంలో పాఠశాల పూరికప్పు అంటుకొని 94 మంది పసివారు బుగ్గి అయ్యారు. 2021 డిసెంబరు 17న తిరునెల్వేలిలో పాఠశాల మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వం శిథిల పాఠశాల భవనాలను గుర్తించి పడగొట్టించే పని చేపట్టింది. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. ప్రతిసారీ సర్వే, ప్రతిసారీ ఎర్ర రంగుతో గోడ మీద గుర్తు. భవనం వారీగా ఏటేటా స్థితిని నమోదు చేసి, ఐదేళ్ళ ముందుచూపుతో వరుస నిర్ణయించే శాశ్వత పద్ధతి మాత్రం రాలేదు. కేంద్రం 2023–24 నుండి 2025–26 వరకు 12,926 కోట్ల రూపాయలతో ‘పీఎం–ఉష’ పథకాన్ని రూపొందించింది. దాని కింద ఎంపికైన కళాశాలకు 5 కోట్ల రూపాయల వరకు వస్తుంది. కొత్త గదులకు, పాత గదుల మరమ్మతులకు అది అక్కరకు వచ్చేదే. కాని అది ఒక్కసారి వచ్చే వాన. చెరువు కట్టను ఏటా చూసుకొనే నీరటికాడు కాదు.

మన దేశంలో కమ్యూనిటీ కళాశాల అన్న పేరుతో మొదటిది వెలసింది 1995లో పుదుచ్చేరిలో, అనగా యానాం తెలుగువారు కూడా భాగమైన కేంద్రపాలిత ప్రాంతంలోనే. పేరు తెచ్చుకొన్నాము గాని, ఆ పేరు వెనుక ఉన్న లెక్కల పుస్తకాన్ని తెచ్చుకోలేదు.

సరిహద్దు జిల్లాలలోని తెలుగు మాధ్యమ పాఠశాలలకు ఈ లెక్కల పుస్తకం అవసరం ఇతరులకన్న ఎక్కువ. శిథిలమైందని ఒక భవనాన్ని పడగొట్టినప్పుడు అందులోని తరగతులను పక్క పాఠశాలలకు సర్దుతారు. కన్నడ, తమిళ, ఒడియా తరగతులకు పక్కనే మరొక బడి దొరుకుతుంది. తెలుగు తరగతికి దొరికే బడి నాలుగు మైళ్ళ అవతల ఉండవచ్చు. ఆ దూరం నడవలేని పిల్లలను తల్లిదండ్రులు దగ్గరలో ఉన్న వేరే మాధ్యమంలో చేర్పిస్తే, రెండేళ్ళకు కొత్త భవనం సిద్ధమయ్యేనాటికి హాజరు పట్టీలో పేర్లు మిగలవు. పేర్లు లేవు గనుక ఉపాధ్యాయ పదవి ఉండదు. కాబట్టి పడగొట్టే ఉత్తర్వుతో పాటే, ఆ తరగతి ఎక్కడ కూర్చుంటుంది, ఎన్ని నెలలు కూర్చుంటుంది, తిరిగి ఏ గదికి వస్తుంది అన్న మూడు సంగతులు వ్రాతపూర్వకంగా ఉండాలని గ్రామ విద్యాసంఘాలు, పాఠశాల అభివృద్ధి సంఘాలు ఇప్పుడే అడగవలసి ఉన్నది. పార ఎత్తిన తరువాత అడిగితే గుత్తేదారు సమాధానం చెప్పడు.